మెట్టెలు తీసిన ఆదివారం

బిలోలి నుంచి ఆదివారం పొద్దున నాందేడ్ వెళ్లాలనుకునేవారు ఆరున్నర బస్సే పట్టుకోవాలి. తర్వాతి దాంట్లో నిలబడి పోవాల్సిందే. ఈ చలికాలమంతా మా ఆడవాళ్ల కబడ్డీ జట్టు ఆ బస్సులోనే తిరిగింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. నాందేడ్‌లో ఒక చిన్న లీగు నడుస్తుంది. ఆడిన రోజుకు పత్తి ఏరిన కూలికన్నా కాస్త ఎక్కువే చేతిలో పెడతారు. అంటే మేము వృత్తి క్రీడాకారిణులం. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

నేను జట్టు కెప్టెన్ని. ఆ రోజు సీజన్లో మా చివరి ఆట, నాందేడ్ పట్టణం జట్టుతో. ఓడితే వచ్చే ఏడు లీగులో మాకు చోటు లేదు. సమంగా ముగిసినా చాలు, నిలబడతాం. మా భారమంతా గంగామణి మీదే. కూతకు వెళ్లి పాయింట్లు తెచ్చేది ఆమే.

ఆమె మొగుడు చంటిపిల్లను చంకనెత్తుకుని బస్టాండ్ దాకా వచ్చి సాగనంపాడు. అత్త సాయవ్వ మాత్రం ఎప్పటిలాగే మాతో బస్సెక్కింది. కోడలిని ఆటకు పంపడానికి ఆమె పెట్టిన షరతు ఒక్కటే: మొగుడున్న ఆడది కాలి మెట్టెలు తీయకూడదు. ఆటలోనేమో ఒంటిమీద నగ ఉండకూడదు. అందుకని మెట్టెల మీద తెల్లపట్టీ చుట్టి సీజనంతా నెట్టుకొచ్చాం. అంపైర్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

ఆడవాళ్లకు సగం టికెట్టే. కండక్టర్ మమ్మల్ని గుర్తుపట్టి, "ఆజ్ జింకణార్ కా?" అని మరాఠీలో అడిగాడు, ఇవాళ గెలుస్తారా అని.

"ముందుగాల టికెట్ ఇయ్యి," అంది సాయవ్వ.

నర్సీలో బస్సు కాసేపు ఆగుతుంది. అక్కడ పోహా తినండి, చాయ్ మాత్రం తాగకండి, ఉత్త నీళ్లు. పక్క సీటు ముసలాయన మా సంచులు చూసి, "ఏ ఊరి పెండ్లికి పోతున్నరు?" అన్నాడు. కబడ్డీకని గంగామణి చెప్పింది.

"పెండ్లయినంక గూడనా?"

"నువ్వు గూడ రా తాతా, నిన్ను గూడ పట్టుకుంటం."

తొమ్మిదింటికి నాందేడ్‌లో దిగాం. మైదానం బస్టాండుకు దగ్గరే, నడిచి పోవచ్చు. మట్టి కోర్టు, అందరూ ఉత్త కాళ్లతోనే ఆడతారు. బట్టలు మార్చుకునే గదికి గడియ లేదు. వంతులవారీగా తలుపు పట్టుకుని నిలబడ్డాం.

ఆట మొదలయ్యే ముందు ఎదుటి కెప్టెన్ గంగామణి కాళ్లవైపు వేలు చూపింది. అంపైర్ కొత్తాయన. వంగి చూసి, "జోడవీ కాఢా, నాహీతర్ బాహేర్," అన్నాడు. మెట్టెలు తీయాలి, లేకపోతే బయటికి. సీజనంతా ఇట్లాగే ఆడిందని వాదించాను. నియమం ఆయన పక్షానే ఉంది, నాకూ తెలుసు. కానీ ఇన్ని ఆదివారాలు ఎవరికీ కనపడని మెట్టెలు ఇవాళే కనపడ్డాయా? నాకు ఒళ్లు మండిపోయింది.

గంగామణి గీత దగ్గర కూలబడి అత్తవైపే చూస్తోంది. సాయవ్వను అడగడానికి నాకు నోరు రాలేదు. అవతలి జట్టులో ఎవరో, "ఘరీ జా, భాకరీ థాప్," అని కిసుక్కున నవ్వారు. ఇంటికి పోయి రొట్టెలు కొట్టుకోమని. సాయవ్వకు మరాఠీ మాకన్నా బాగా వచ్చు.

ఆమె లేచింది. గీత బయట చెప్పులు విడిచి కోర్టులోకి వచ్చింది, కోడలి పాదం తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"అత్తమ్మా, ఒద్దు."

"సప్పుడు చెయ్యకు. నా కొడుకు బువ్వ తిని బతుకుతుండు, నీ మెట్టెలతోని గాదు."

పట్టీ విప్పినా, వేళ్లు ఉబ్బి మెట్టెలు ఒక పట్టాన రాలేదు. నా సంచిలోని కొబ్బరినూనె రాసి లాగింది. రెంటినీ కొంగున ముడేసుకుని, ఎదుటి కెప్టెన్‌తో "ఆతా ఖేళ్," అంది. ఇప్పుడు ఆడు అని.

సగం ఆటకు బాగా వెనకబడ్డాం. ఆఖరి కూతకు ఒక్క పాయింటు తక్కువ. గంగామణి వెళ్లి, మూలనున్న అమ్మాయిని కాలితో తాకి, దొరక్కుండా తిరిగొచ్చింది. సమం. మేము నిలిచాం. గెలిచినంత గట్టిగా అరిచాం, మాకేం సిగ్గు లేదు. తర్వాత అవతలి జట్టు ఎదుటే బాసింపట్టు వేసుకుని జొన్నరొట్టెలు, మిరపకాయల ఠేచా తిన్నాం.

నాలుగింటి బస్సులో తిరుగు ప్రయాణం. ఎండ ఒకవైపే కొడుతుంది, ఎడమవైపు కూర్చోండి. ఈ సీజన్లో మేము గెలిచినవి తక్కువ, ఓడినవి ఎక్కువ. అయినా వచ్చే చలికాలం ఇదే బస్సులో ఇవే సీట్లు మావి. ఆ మాట గంగామణితో అంటూంటే, ఎదురుగా కూర్చున్న పెద్దామె ఆమె బోసి కాళ్లు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అయ్యో, గింత చిన్న వయసులనా. ఎన్నడు పోయిండు బిడ్డా?"

గంగామణి కాళ్లు సీటు కిందికి లాక్కుంది. సాయవ్వ కొంగుముడి బిగించుకుని అటు తిరిగింది.

"యాడికి పోతడు? ఇంట్ల బియ్యం కడుగుతుండు."