చంద్రభాగ చేతి నీళ్లు

మా నేతగాళ్ల భవాని పేట్‌లో చెవుడు తప్పేమీ కాదు. ఎటొచ్చీ దాన్ని మగ్గం దగ్గర తెచ్చుకుని ఉండాలి. పెంటప్పకు ఆ గౌరవం దక్కింది. వయసంతా సాంచాల మధ్య, అంటే మరమగ్గాల మధ్య, చద్దర్లు నేసిన మనిషి. నడివయసులోనే చెవులు పోతే, "పాపం, సాంచాల మోత తిన్నది" అని గల్లీ అంతా అతనితో గట్టిగా, మర్యాదగా మాట్లాడేది. అతని చెల్లెలు చంద్రభాగకూ అలాగే చెవులు పోయాయి. కానీ ఆమె ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. బీడీ ఆకు చప్పుడు చెయ్యదు కదా! అందుకని అన్నదేమో చెవుడు, చెల్లెలిదేమో నాటకం అని మా గల్లీ తీర్పు చెప్పేసింది.

ఆ తీర్పును అందరికంటే గట్టిగా నమ్మినవాడు ఆమె మొగుడు దత్తాత్రి. "పని చెప్తే ఇనబడదు, చాయ్ అంటే ఇనబడ్తది" అనేవాడు. చాయ్ గ్లాసు కంటికి కనబడుతుందన్న సంగతి అతనికి ఎన్నడూ తట్టలేదు.

అత్త పోయిన రోజుతో ఈ నవ్వులాట కాస్తా విషమైంది. దత్తాత్రి పని నుంచి వచ్చేసరికి తల్లి మంచం మీద "నీళ్లు, నీళ్లు" అంటోంది. చంద్రభాగ అదే గదిలో, గుమ్మం వెలుగుకు తిరిగి, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. అతను గ్లాసు ముంచేలోపే ముసలామె ప్రాణం పోయింది. ఆ పూట నుంచి దత్తాత్రి భార్య చేతి నీళ్లు ముట్టలేదు. ఆమె వండింది తినేవాడు, ఆమె ఉతికింది కట్టేవాడు, నీళ్లు మాత్రం తానే లేచి ముంచుకునేవాడు. పంతానికి కూడా ఆకలి తెలుసు మరి!

"నాకు ఇనబడలే, మార్కండేయుని మీద ఒట్టు" అని ఆమె ఎన్నిసార్లు ఏడ్చిందో. ఒక్కరమూ నమ్మలేదు.

దత్తాత్రి తమ్ముడి కూతురు ఋతుజ పుణెలో ఒక ల్యాబ్‌లో పని చేస్తుంది. మార్కండేయ రథోత్సవానికి ఇంటికొచ్చి, తన పనేమిటో పెద్దనాయినకు చెబుతోంది.

"మన ఒంట్ల మయోసిన్ అని ఒక ప్రోటీన్ ఉంటది పెద్దనాయినా. కండలల్ల ఉండేది వేరే. ఇది కండలు కానికాడ, రక్తంల, చెవుల, అన్నిట్ల ఉండి లాగే పని చేస్తది. దాన్ని మేం బయట తయారు చేపిస్తం. మనిషి జన్యువును గొంగళిపురుగు కణాలల్ల పెడితే, అవే చేసిస్తయి."

"అంటే పురుగులకు కూలికిచ్చిన్రు. మరి అది తాగుతె ఏం గుణం?"

"తాగేది కాదు. సీసా మీదనే రాసుంటది, పరిశోధనకే గానీ మనుషులకు వాడొద్దని."

"మనిషి సరుకు మనిషికే పనికి రాదా! మస్తుంది మీ కారోబార్."

అంతలో చంద్రభాగ చాయ్ తెచ్చింది. ఆమె మోచేతి మీద నల్లగా కమిలిన మచ్చ చూసి, ఏం తగిలిందని ఋతుజ అడిగింది. చంద్రభాగ గ్లాసులు అందిస్తూనే ఉంది. ఎదురుగా వచ్చి మళ్లీ అడిగింది.

"తలుపు తాకింది బిడ్డా. నాకు ఊకెనే కములుతది. మా అన్నకు గూడ గంతే."

ఋతుజ చాయ్ తాగడం మరిచిపోయింది. ల్యాబ్‌లో తాను రోజూ మంచుపెట్టెలోంచి తీసే ఆ ప్రోటీన్ తాలూకు జన్యువు చెడితే ఏమవుతుందో ఆమె చదివి ఉంది. ఊరికే కమలడం, మెల్లమెల్లగా చెవులు పోవడం. అది రక్తసంబంధంలో దిగుతుంది. అన్నాచెల్లెళ్లిద్దరినీ పుణె తీసుకెళ్లి పరీక్షలు చేయించింది.

ఇద్దరికీ ఆ జన్యువులో ఒకటే లోపం, పుట్టుకతో వచ్చిందని తేలింది. పెంటప్ప మండిపడ్డాడు. "నా చెవులు సాంచాలే తిన్నయి! ఏం మాట్లాడుతున్రు?" అన్నాడు. జన్మకంతా సంపాదించిన ఒక్క గౌరవాన్నీ ఎవరో ఎత్తుకుపోయినట్టు అతని బాధ. చంద్రభాగ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దేవుడి మీద ఒట్టేస్తే నమ్మని గల్లీ, పురుగుల పుణ్యమా అని ఆమెను నమ్మింది. సిగ్గుండాలి!

చెవి మిషన్ పెట్టించుకుని ఆమె తిరిగొచ్చిన సాయంత్రం, దత్తాత్రి గడపలో కూర్చున్నాడు. తప్పయిందని చెప్పడం మా మగవాళ్లకు ఎవరూ నేర్పలేదు. చివరికి గొణిగాడు:

"చంద్రభాగా, జర నీళ్లియ్యి."

ఎదురింటి అరుగు మీద ఉన్న నాక్కూడా వినబడింది. చేట ముందు కూర్చున్న చంద్రభాగ చేతులు ఆగిపోయాయి. ఒక చెయ్యి మెల్లగా చెవి మిషన్ దాకా వెళ్లి, దాన్ని తడిమి, కిందికి దిగింది.

"ఏందీ? ఇనబడలే."

"నీళ్లు... నీ చేతి నీళ్లు."

"ఇనబడలేదయ్యా. జర గట్టిగ."

దత్తాత్రి లేచి నిలబడ్డాడు. కొంతం చౌక్ దాకా వినబడేలా అరిచాడు: "నీ చేతి నీళ్లు ఇయ్యే! తప్పు నాదే!"

గల్లీలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. నాకు తెలిసి చంద్రభాగ తన బతుకులో నాటకమాడింది ఆ ఒక్కసారే. చేట పక్కన పెట్టి, లేచి, గ్లాసు నిండా ముంచి అతనికిచ్చింది.