సోమవారం పదకొండు గంటల శ్రీరంగప్ప

మా శ్రీరంగప్పకు ఒకటే పిచ్చి. ప్రతి సోమవారం పొద్దున పదకొండు గంటలకు ఆఫీసు తగలబడుతున్నదని తాను నమ్మి, మమ్మల్ని నమ్మించి, మెట్లు దింపి ఎండలో నిలబెట్టేవాడు.

అనంతపురంలో మాది పట్టు సహకార సంఘం ఆఫీసు. రెండంతస్తుల భవనం. కింద గోదాములో ధర్మవరం మగ్గాలకు పోవలసిన పట్టునూలు ఉండేది. దానికి ఇన్సూరెన్సు కావాలంటే నిప్పు గంటలు పెట్టాలి, వారం వారం మోగించి చూడాలి, ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష చేయాలి. డెబ్భై ఎనిమిదిలో గంటలు బిగించి, ఎలక్ట్రీషియన్ శ్రీరంగప్ప చేతిలో పెట్టారు. ఆ రోజుతో మా సుఖం పోయింది.

గంట మోగగానే అందరం సైకిల్ స్టాండు దగ్గరికి చేరాలి. ఆయన తలలు లెక్కపెట్టి, "గంట వినబడింది" అని రిజిస్టరులో మా చేత సంతకాలు పెట్టించేవాడు. ఒకసారి మేనేజరు దివాకర్ గారు పైన వ్యాపారులతో మాట్లాడుతూ ఉండిపోయారు. శ్రీరంగప్ప పైకెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏమప్పా, మీటింగులో ఉన్నది కనపళ్లేదా?"

"నాకు కనపడతాండారు సార్. నిప్పుకు కనపడరు గదా."

దివాకర్ గారూ నలుగురు వ్యాపారులూ చేతుల్లో కాఫీ గ్లాసులతోనే దిగివచ్చారు.

వరండాలో నాలుగు ఎర్ర బక్కెట్లలో నీళ్లు నింపి పెట్టేవాడు. అసలే కరువు, వీధి కొళాయి నాలుగు రోజులకోసారి వచ్చేది. ఊడ్చే తిమ్మక్క ఒక బక్కెట్టు ఖాళీ చేసింది.

"తిమ్మక్కా, నిప్పు బక్కెట్టులో నీళ్లు యాడికి పోయినాయి?"

"ఇంటికి తీసకపోతి. నిప్పు వచ్చేది సోమవారం గదన్నా. ఈ పొద్దు శుక్రవారం."

మర్నాటికి ఆయన నాలుగు బక్కెట్లలోనూ ఇసుక నింపాడు.

ఒకసారి శ్రీరంగప్ప తన చెల్లెలి కూతురికి సంబంధం చూడటానికి బత్తలపల్లె వెళ్లి, ఇల్లంతా కలియజూసి, "బయటికి పొయ్యేకి రెండో వాకిలి ఉండాదా?" అని అడిగాడట. అమ్మాయికి పారిపోయే అలవాటు ఉందేమోనని పిల్లవాడి తరఫువాళ్లు బెదిరిపోయారు.

ఇక నా సంగతి. నా పేరు ఆదెన్న. గంటలు వచ్చిన ఏడాదే కింద చివరనున్న రికార్డు గదిలో గుమాస్తాగా చేరాను. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి ముప్పాతిక పోయాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి పట్టుకునేవాణ్ణి. పట్టుకోలేనప్పుడు నవ్వి తల ఊపేవాణ్ణి. అందువల్ల ఆఫీసులో నాకు మహా వినయవంతుడని పేరు వచ్చింది. ఉద్యోగం టెంపరరీ. చెవుల సంగతి బయటపడితే మర్నాడే ఇంటికి పంపుతారు. ఇంటి దగ్గర మా నాయన వేసిన శనక్కాయ పైరు మూడేళ్లుగా ఎండిపోతున్నది, నా జీతంతోనే పొయ్యి వెలుగుతున్నది. అందుకని సోమవారం పదకొండు కాగానే కిటికీ మీద కన్ను వేసి, బయట కాళ్లు పరుగెత్తితే నేనూ పరుగెత్తి, అందరికన్నా చివర చేరి, దర్జాగా సంతకం పెట్టేవాణ్ణి.

ఎనభై ఒకటిలో ఇన్‌స్పెక్టరు బుధవారం వచ్చాడు. ఎవరికీ చెప్పకుండా పైఅంతస్తులో మీట నొక్కించి, ఎవరు కదిలారో చూసుకుంటూ కిందికి దిగాడట. నేను బుద్ధిగా ఫైళ్లు కట్టలు కడుతున్నాను. తలెత్తేసరికి ఎదురుగా ఇన్‌స్పెక్టరు, పక్కన దివాకర్ గారు, వెనుక శ్రీరంగప్ప.

"ఏమయ్యా, గంట మోగితే కూర్చునే ఉన్నావు. నీకు వినపడదా?"

నవ్వి తల ఊపితే ఉద్యోగం పోయే ప్రశ్న అది. చేతిలో ఉన్న కట్టకు ఇంకో ముడి వేశాను.

"ఆయప్పకు కాదు సార్, ఈ గదిలోకే వినపడదు," అంటూ శ్రీరంగప్ప ముందుకు వచ్చాడు. "ఈ కాగితాల కట్టలు సద్దంతా మింగేస్తాండాయి."

"వినబడిందని ప్రతి వారం సంతకం ఉందే?"

"అది నేను పెట్టించింది సార్. తప్పు నాదే."

"ఇంకోసారి మోగించు. నేను ఇక్కడే ఉంటాను."

శ్రీరంగప్ప బయటికి వెళ్లాడు. ఇన్‌స్పెక్టరు తలుపుకు వీపు తిప్పి, దివాకర్ గారు కళ్లు మూసుకుని, శ్రద్ధగా వినసాగారు. వినడం నా వల్ల కాదు గనక నేను తలుపు వైపు చూశాను. వరండాలో శ్రీరంగప్ప స్టూలు ఎక్కి, భుజం మీది తువ్వాలు మడిచి, గంటకూ దాన్ని కొట్టే సుత్తికీ మధ్య కుక్కుతున్నాడు. గంటకు దుమ్ము పడితేనే ఓర్వలేని మనిషి.

"పైన ఎక్కడో లీలగా ఉంది, అంతే," అని ఇన్‌స్పెక్టరు తేల్చాడు. రికార్డు గదిలో గంటతో పాటు వెలిగే ఎర్రదీపం పెట్టాలని రాసిపోయాడు. మూడేళ్లుగా ఒక్క మచ్చ లేని శ్రీరంగప్పకు మెమో వచ్చింది.

పది రోజుల తరువాత నా బల్ల ఎదుట గోడకు ఆయనే దీపం బిగిస్తుంటే అడిగాను.

"నా చెవుల సంగతి నీకు ఎప్పుడు తెలిసిందన్నా?"

నిచ్చెన మీదనుంచి నా వైపు తిరిగి, పెదవులు బాగా కనబడేట్టు చెప్పాడు. "నువ్వు చేరిన నెలకే. గంట నిలిపేసినంక గూడా ఉరుక్కుంటా వస్తాంటివి గదా. చెప్పకుండా మోగించల్లని రూలు. నువ్వు ఎదురుచూస్తావని సోమవారం పదకొండుకే పెట్టుకుంటి."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"గంట సంగతి లోపలుండేటోళ్లందరికీ తెలియల్ల అని రూల్సు బుక్కులో ఉండాది. వాళ్లకు చెవులుండల్ల అని యాడా లేదు. దీపం కావాలని రెండుసార్లు రాసిచ్చినా. దుడ్లు లేవన్నారు. నిజంగా నిప్పు పడితే నేనే వచ్చి నిన్ను ఎత్తుకపోదామని ఉంటి."

నా జీతాన్నీ మా ఇంటి పొయ్యినీ నిలబెట్టిన మనిషి. చేతులు పట్టుకుందామంటే నిచ్చెన మీద ఉన్నాడు, కాళ్లే అందాయి. గట్టిగా పట్టుకున్నాను.

"వదులప్పా, పడతా," అన్నాడు.

ఆ సోమవారం దీపం వెలగగానే ఒక్క ఉరుకున అందరికన్నా ముందు సైకిల్ స్టాండు చేరి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. శ్రీరంగప్ప ముఖం చిట్లించుకుని దగ్గరికి వచ్చాడు.

"మూడేండ్లు కడగా వచ్చినోడివి, ఈ పొద్దు మొదట వస్తే జనాలకు అనుమానం రాదా? వచ్చే వారం నుంచి నాలుగోవాడివిగా రా."

పర్మనెంటయ్యాను, రిటైరయ్యాను. ఆఖరి సోమవారం దాకా నాలుగోవాడిగానే దిగాను.