పేజీ అడుగున తెగిన ఒత్తులు

మొన్న మా కాలేజీ పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక ఆహ్వానపత్రం వచ్చింది. మైలవరం దారిలోని మా ఇంజనీరింగ్ కాలేజీలో ఓపెన్ సోర్స్ కేంద్రం ప్రారంభిస్తున్నారట. ఎవరైనా చూసి, దిద్ది, వాడుకోగలిగే సాఫ్ట్‌వేర్ గొప్పతనాన్ని పిల్లలకు వివరించడానికి నన్ను ముఖ్య అతిథిగా రమ్మన్నారు. పిలిచినవారు ఇప్పటి ప్రిన్సిపాల్, అప్పటి మా ల్యాబ్ ఇన్‌ఛార్జి సారు. ఆ పేరు చదవగానే, ఇన్నేళ్లలో చల్లారిందనుకున్న కోపం చెక్కుచెదరకుండా లేచి కూర్చుంది.

మా బ్యాచ్ వాళ్లకు ఆ ల్యాబ్ గుర్తుండే ఉంటుంది. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. అక్కడ నీలం కవర్లు కప్పుకున్న కంప్యూటర్లు, తనిఖీ బృందం వచ్చే రోజు కోసం, కొత్తదనం పోకుండా, ఎవరికీ పనికిరాకుండా ఎదురుచూస్తుండేవి. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులేమో గవర్నర్‌పేట దుకాణాల్లో బైండింగుతో సహా దొరికేవి. కొనుక్కొచ్చి, అట్ట మీద పేరు మార్చి సమర్పించడం మా దగ్గర తప్పు కాదు, ఆనవాయితీ. జ్ఞానం ఎవరి సొత్తని డిబేట్ పోటీల్లో ప్రశ్నించి నేను కప్పులు తెస్తే మురిసిపోయిన కాలేజీయే, అదే ప్రశ్న ల్యాబ్‌లో అడిగితే మొహం చిట్లించింది.

నేను కొననన్నాను. తెలుగులో పత్రాలు తయారుచేసుకునే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, ప్రింటు తీస్తే పేజీ అడుగు వరుసలో ఒత్తులు తెగిపోయేవి. ఆ లోపాన్ని సరిదిద్దడమే నా ప్రాజెక్టని పట్టుబట్టాను. మూలనున్న ఒక కంప్యూటర్‌ను వాడుకోవడానికి ఇన్‌ఛార్జి సారు అయిష్టంగానే ఒప్పుకున్నారు. దిద్దడం తర్వాతి మాట, ముందు ఆ యంత్రాన్ని అందుకు సిద్ధం చేయడమే పెద్ద పని. నత్తనడక ఇంటర్నెట్‌లో సోర్స్ కోడ్ మొత్తం దించుకుని, దాన్ని నడిచే ప్రోగ్రాంగా మార్చే పనిముట్లు ఒక్కొక్కటే ఎక్కించి, ఏదో ఒకటి లేదంటూ సగంలో ఆగిన ప్రతిసారీ మళ్లీ మొదలుపెట్టి, చివరకు ఒక మధ్యాహ్నం ఆ ప్రోగ్రాం నా చేతుల్లో తయారై తెర మీద తెరుచుకున్నప్పుడు, పక్కన ఎవరూ లేకపోయినా చప్పట్లు కొట్టాను.

ఆ వారంలోనే తనిఖీ అన్నారు. మర్నాడు వెళ్లి కవరు తీస్తే, నేను ఎక్కించినదంతా తుడిచేసి ఉంది.

"మెషిన్లన్నీ ఒక్కలా కనబడాలమ్మా. నీదొక్కటే తేడాగా ఉంటే వచ్చినవాళ్లేమనుకుంటారు?" అన్నారు సారు.

"ఇక్కడ పని జరుగుతోందనుకుంటారండీ," అన్నాను.

"ఇది స్టేజీ కాదు, ల్యాబు. గవర్నర్‌పేట వెళ్లి అందరిలా ఒకటి తెచ్చుకో, పో."

గవర్నర్‌పేటకే వెళ్లాను, కానీ ప్రాజెక్టుల దుకాణానికి కాదు, మా బాబాయి స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టుకి. బిల్లులు కొట్టే కంప్యూటర్ మీద, బేరాల మధ్య, గిన్నెల మోతలో, అంతా మొదటినుంచి మళ్లీ ఎక్కించాను. "ఏవే, నా బిల్లులు గానీ మాయమయ్యాయో, ఈ గంగాళాలన్నీ నీ చేతే మోయిస్తా," అని బెదిరిస్తూనే బాబాయి కుర్చీ ఖాళీ చేసేవాడు. దిద్దుబాటు కుదిరిన రోజు, అంతవరకూ అట్టడుగున కొట్టు పేరు ఒత్తులు తెగి వస్తున్న కరపత్రాన్ని మళ్లీ ప్రింటు తీసి చేతికిస్తే, ఆ వరుసను వేలితో తడిమి, "ఇన్నాళ్లకి మా కొట్టు పేరుకి కాళ్లొచ్చాయే!" అన్నాడు. నా దిద్దుబాటును, నేనెన్నడూ చూడని ఆ సాఫ్ట్‌వేర్ నిర్వాహకులెవరో రెండు ముక్కల ధన్యవాదంతో స్వీకరించి, అందరూ వాడే ప్రతిలో కలిపేశారు. మా కాలేజీ మాత్రం పుస్తకం సన్నగా ఉందని నాకు అత్తెసరు మార్కులు వేసి, గవర్నర్‌పేటలో కొన్న లావుపాటి ప్రాజెక్టుకు మొదటి బహుమతి ఇచ్చింది.

ఆహ్వానంతోపాటు కొత్త కేంద్రం ఫోటో కూడా పంపారు. గుమ్మం బయట చెప్పుల వరుస, లోపల కవర్లు కప్పిన కంప్యూటర్లు. కవర్లు ఈసారి మెరూన్ రంగువి. రానని కటువుగా జవాబు రాయబోతూ ఆ ఆహ్వానపత్రాన్ని మరోసారి తెరిచాను. ఫైలు వివరాల్లో చూస్తే అది ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే తయారైంది. పేజీ అట్టడుగు వరుసలో, సారు పేరు పక్కన, 'ప్రిన్సిపాల్' అన్న మాట ఒత్తులేవీ తెగకుండా నిండుగా నిలబడి ఉంది. ఆయనొక్కరికి ఆ పాత తెగిన వరుసే మిగిలి ఉంటే ఎంత బాగుండునో అనిపించింది. కానీ అందరి కోసం తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్‌లో, నువ్వు వాడొద్దని ఎవరినీ కాదనే వీలు లేదు. ఆ వీలు ఎవరికీ ఉండకూడదని ఎక్కిన ప్రతి వేదిక మీదా గొంతు చించుకున్నది నేనే. ఆ మాట అనడం ఆ రోజుల్లో ఎంత తేలికగా ఉండేదో!