కంగారు పడకండి అన్న పేజీ

పొద్దున్న పది కొట్టేసరికి ఆ ఇంట్లో భోజనాల బల్ల రెండు వాటాలయ్యేది. ఒక చివర ఆయన లాప్‌టాప్, ఇంకో చివర ఆమె కూరగాయల పళ్ళెం. ఆయన కంపెనీల వెబ్‌సైట్లను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చేవాడు. ఒక్కో వాక్యం రాసి పైకి చదివేవాడు. ఆమె బెండకాయలు తరుగుతూ వినేది. అర్థమైతే కత్తి టకటకా నడిచేది. కాకపోతే ఆగేది. కత్తి ఆగిందంటే ఆ వాక్యం కొట్టేయాల్సిందే.

"జడ్జిగారు ఆగారు. మళ్ళీ రాయాలి" అనేవాడు.

అయిదో తరగతితో బడి మానేసిన మనిషికి ఆ పిలుపంటే లోలోపల ఎంత గర్వమో!

ఇప్పుడు బల్లంతా ఆమెదే. అయినా కూరగాయలు వంటగట్టు దగ్గరే నిలబడి, పని తెమిలితే చాలన్నట్టు తరిగేస్తోంది. ఆయన పోయి రెండు నెలలైంది.

ఆయనలో ఆమెకు మింగుడుపడని సంగతి ఒకటుండేది. రోజంతా తెలుగు పేజీలు రాసే మనిషి, ఒక్క తెలుగు పేజీ తెరిచేవాడు కాదు. రైలు టికెట్టయినా, కరెంటు బిల్లయినా, ఆఖరికి దగ్గు మందయినా ఇంగ్లీషులోనే చూసుకునేవాడు.

"మీరు వండింది మీరే తినరా?" అని దెప్పేది.

"తెలుగులో తెరిస్తే ప్రతి మాటా దిద్దబుద్ధేస్తుందే. అసలు ఇంగ్లీషుదైతే పని చూసుకుని లేచిపోవచ్చు."

"మరి ఇంత కష్టపడి ఎవరికోసం రాస్తున్నట్టో?"

"నీకోసం" అనేవాడు.

ఆ మాట నమ్మడమే ఆమె చేసిన పొరపాటు.

ఆయన ఫోన్ నంబరు ఇరవై రెండేళ్ళ నాటిది. ఆమెకు కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే. పోయినవాళ్ళ నంబరు ఇంట్లోవాళ్ళ పేరు మీదికి మార్చుకోవచ్చని తెలిసి, ఫోన్ కంపెనీ తెలుగు పేజీ తెరిచింది. "కంగారు పడకండి. మూడు నెలల లోపు మీకు వీలైన రోజు రండి" అని ఉంది. ఆ వాక్యం ఆ బల్ల దగ్గర పుట్టిందే. ముందు ఆయన "ఆందోళన చెందనవసరం లేదు" అని చదివాడు. కత్తి ఆగింది. "ఇంట్లో మనిషి పోయినవాళ్ళతో అలాగేనా మాట్లాడేది? కంగారు పడకండి అనలేరూ?" అంది ఆమె. తన మాటే తనకు ధైర్యం చెబుతుంటే ఇంక తొందరేముంది? చుట్టాలందరూ వెళ్ళి, కాగితాలన్నీ చేతికొచ్చాకే బయల్దేరింది.

ఫోన్ కంపెనీ ఆఫీసులో కౌంటరు అమ్మాయి కంప్యూటరు చూసి పెదవి విరిచింది. "గడువు ముప్పై రోజులేనండీ. పోయినేడే మార్చారు. గడువు దాటాక తెలిస్తే ఆ రోజే రద్దు చేసేస్తారు. ఇవాళ అయిదింటికి ఈ నంబరు రద్దయిపోతుంది."

"మీ పేజీలో మూడు నెలలని ఉంది కదమ్మా!"

ఆ అమ్మాయి ఆమె ఫోన్‌లోకి తొంగి చూసింది. "ఓ, తెలుగులోనా? తెలుగు ఎవరు చూస్తారండీ!"

"నేను చూస్తాను."

అమ్మాయి మొహం కాస్త చిన్నబోయింది. "పేజీ మార్చడం మర్చిపోయామని అనువాదం చేసేవాళ్ళు రాసిస్తే, ఆపిస్తాను. అయిదు లోపు తెండి."

ఆయనకు పని ఇచ్చే అనువాదాల ఆఫీసు ఒకే గది. ముగ్గురు మనుషులు, మూడు కంప్యూటర్లు. మూడింటిలోనూ ఇంగ్లీషే. నాలుగో కుర్చీ, మధ్యాహ్నాలు వచ్చినప్పుడు ఆయన కూర్చునేది. దాని మీద ఎవరో అట్టపెట్టె పెట్టారు. అక్కడి పెద్దాయన ఆయనకు ఇరవయ్యేళ్ళ స్నేహితుడు. ఆమె అన్నయ్యగారూ అని పిలుస్తుంది. పెద్దాయన సంగతంతా విని, ఆ తెలుగు పేజీ ఎక్కడుందో వెతుక్కుని మరీ తెరిచాడు.

"అరె, మూడు నెలలనే ఉందే!" అన్నాడు వింత చూసినట్టు.

"ఏడాదిగా ఒక్కరూ తెరవలేదా?"

"మేమంతా ఇంగ్లీషే చూస్తామండీ, అలవాటు" అంది కళ్ళజోడు ఆవిడ.

"ముగ్గురూనా?"

"ముగ్గురమూ."

"భలే వంటవాళ్ళు దొరికారు! ఊరికంతా వండిపోసి, మీరు మాత్రం పక్క హోటల్లో తింటారన్నమాట. ఇక ఎవరికి కడుపునొప్పి వస్తే మీకేం?"

ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. పెద్దాయన ఉత్తరం టైపు చేసి, ప్రింటు తీసి ఇచ్చాడు. ఆమె వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. "ఈ పొరపాటు ఇటీవల మరణించిన మా అనువాదకుడిది" అన్న చోట వేలు ఆగింది.

"గడువు మారిందన్న కబురు ఆయనకొచ్చిందా?"

పెద్దాయన తల దించుకున్నాడు. "నాకే వచ్చింది చెల్లెమ్మా. మర్చిపోయాను. నా పేరు రాస్తే మాకు ఆ ఫోన్ కంపెనీ పనే పోతుంది. వాడికైతే ఇప్పుడు పోయేదేముంది చెప్పు? నీకు నంబరు దక్కుతుంది."

గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. నంబరు కావాలి. దానికోసమేగా వచ్చింది. కానీ ఒళ్ళు భగ్గున మండింది.

"ఒక్క మాట కోసం ఆరుసార్లు కొట్టి రాసిన మనిషండీ ఆయన. నోరు లేదు కదా అని నెత్తిన రుద్దుతారా? మీ పేరు రాయండి."

"అది కుదరదు చెల్లెమ్మా."

"అయితే ఆ పిలుపు కూడా వద్దు."

ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి పెద్దాయన బల్ల మీదే పెట్టింది. కుర్చీ మీది అట్టపెట్టె దించి కింద పెట్టి, వెనక్కి చూడకుండా బయటికొచ్చేసింది.

బస్‌స్టాపులో కూర్చుని తన ఫోన్ నుంచి ఆ నంబరుకు చేసింది. సంచిలో ఆయన ఫోన్ మోగింది. మళ్ళీ చేసింది, మళ్ళీ మోగింది. అయిదు దాటాక మోగలేదు. బస్సులో కూర్చున్నంతసేపూ అందరినీ తిట్టుకుంది. ఆయన్ని కూడా. నీకోసం రాశానన్న మనిషి, రాసింది ఒక్కసారి తెరిచి చూసుకుంటే ఏం పోయింది? ఆయన చూసుకుని ఉంటే పక్కవాళ్ళకీ ఆ అలవాటు అబ్బేది కాదూ?

మర్నాడు పదింటికి వంటగట్టు దగ్గర బెండకాయలు తరుగుతుంటే పెద్దాయన దగ్గర్నుంచి మెసేజ్. "పేజీ కొత్తగా రాశాం చెల్లెమ్మా. నాలుగు వాక్యాలే. చదివి అర్థమవుతోందో లేదో చెప్పు. వాడు నీ మాటే నమ్మేవాడు."

ఫోన్ గట్టు మీద పెట్టి, తరుగుతూనే మొదటి వాక్యం చదివింది. "ఆందోళన చెందనవసరం లేదు."

కత్తి ఆగింది.

ఏం రాయాలో నాలుక చివరే ఉంది. ఆమె ఫోన్ బోర్లించింది. పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టుకుని, కుర్చీ లాక్కుని, మిగిలిన బెండకాయలు తరగసాగింది.