ఎనిమిదో దెబ్బకు

ఆ రోజుల్లో ఆదివారమంటే నాకు భయం. ఆదోని పత్తి మిల్లులో కాటా దగ్గర కొత్తగా పనికి చేరాను. మిగతా రోజులు బేళ్లు, తూకాలు, కేకలు. ఆదివారం మాత్రం అద్దెగది, నేను. (బల్లి ఒకటి ఉండేది గానీ అది కూడా నన్ను చూసి పలికేది కాదు.) లెక్కలు నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి కాబట్టి, ఏది తేలకపోయినా లెక్క కట్టడం అలవాటు. ఆ ఆదివారం ఇలా కట్టాను: సాయంత్రంలోగా ఎవరైనా నాతో ఒక్క మాట మాట్లాడితే ఆదోనిలో ఉంటాను, లేదంటే ఎమ్మిగనూరు బస్సెక్కి మళ్లీ నాన్న పక్కన మగ్గంలో కూర్చుంటాను. సంచి కూడా సర్దుకున్నాను.

అంతలో పక్కవీధి చర్చిలోంచి పాట వినిపించింది. మాటలు యేసయ్యవి, వరస మాత్రం మా వీధి చెక్కభజనది! గుడి ముందు మా మామ కొయ్యచెక్కలు వాయిస్తూ మాచేత పాడించినదే. అదే నడక, అవే ఎనిమిది దెబ్బలు. నా కాళ్లు నన్ను అడక్కుండానే లేచాయి. చెప్పులు బయట విడిచి, మగవాళ్ల వైపు చివరి వరుసకు ముందు వరుసలో నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను. ఏడో దెబ్బ దాకా బాగానే ఉంది. మా భజనలో ఎనిమిదో దెబ్బకు ముందువాడు గిరుక్కున వెనక్కి తిరగాలి, వెనకవాడు మోకాలు వంచి ఎదురు నిలవాలి. తిరగకపోతే మామ చెక్కతో పిక్క మీద ఒకటి ఇచ్చేవాడు. అంత పక్కాగా నేర్చిన కాళ్లు ఊరుకుంటాయా? తిరిగేశాను.

"ఎవురబ్బా వీడు? అయ్యగారికి వీపు సూపిస్తాండాడు!" అంది ఒక అవ్వ, ముందున్న పాస్టరు వైపు చెయ్యి చూపిస్తూ. పాట ఆగి నవ్వులు మొదలయ్యాయి. సిగ్గుతో తల దించితే, నా ఎదురుగా ఒక ముసలాయన మోకాలు వంచి, చేతులు చాచి ఉన్నాడు!

"లేయలేకుండాను, రోంత చెయ్యియ్యప్పా" అన్నాడు.

ఆ రోజు నాతో ఒక మనిషి పలికిన మొదటి మాట అది.

బయటికొచ్చాక అడిగాడు. "యావూరప్పా నీది?"

"ఎమ్మిగనూరు, తాతా."

"మాది మద్దికెర. నేను బాప్తిస్మం తీసుకొని ముప్పై ఏండ్లాయ. ఈ మోకాలు మాత్రం ఇంగా తీసుకోల్యా. బువ్వ తిన్న్యావా?"

తినలేదన్నాను. తాత ఇంట్లో జొన్నరొట్టె తింటూ అదే వరసలో ఆయన ఒక పాట, నేనొక పాట పాడుకున్నాం. బస్సు సంగతి గుర్తే రాలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ మళ్లీ సంచి సర్దలేదు.

ఇప్పుడు ఎమ్మిగనూరులో ఒక్కణ్ణే వండుకుంటున్నాను. ఆదివారం ఫోనులో ఆ పాట పెట్టుకుంటాను. ఈ వయసులోనూ ఎనిమిదో దెబ్బకు వెనక్కి తిరుగుతాను, గరిటెతో సహా. ఎదురుగా కుక్కరు ఉంటుంది. ఒక్కోసారి సరిగ్గా అప్పుడే విజిలేస్తుంది. మిగతాసార్లు తాళం తప్పిందని నా లోపలి లెక్క చెబుతుంది గానీ, దాన్నేమీ అనను. ఇంట్లో నాకు బదులు పలికేది అదొక్కటే కదా.