వణికే చేతికి చెంచా

డిజైన్ డిగ్రీ రెండో ఏడులో ఒక పిల్లని అందరూ కొలతమ్మ అనేవారు. పెన్సిల్ ముక్కని కూడా స్కేలు పెట్టి కొలిచే రకం మరి. ఆమెకి లోకంలో కిట్టని మనిషి ఒక్కతే, పక్క బల్ల దగ్గర పనిచేసే ఉంగరాలజుట్టు. ఆ పిల్ల ఆలస్యంగా వస్తుంది, సగం రోజు కబుర్లు చెబుతుంది, చివర్లో ఏదో చెక్కి పారేస్తుంది. మాస్టారు మాత్రం సరిగ్గా అక్కడే ఆగి మురిసిపోతారు. అది చూసినప్పుడల్లా కొలతమ్మ కళ్లల్లో నిప్పులు పోసుకునేది.

ఆ టర్ములో మాస్టారు చేతులు వణికేవాళ్ల కోసం చెంచా చేయమన్నారు. ఇక నాకు ఎదురేముంది అనుకుంది కొలతమ్మ. వాళ్ల అమ్మమ్మకి చేతి వణుకు. చెంచా నోటిదాకా వచ్చేలోపు సగం ఒళ్లో పడుతుంది. ఆ సిగ్గుతో ఆవిడ నలుగురితో కూర్చుని తినడమే మానేసింది. కొలతమ్మ ఆవిడ గుప్పిట కొలిచింది, వేళ్ల సందులు కొలిచింది, పిడిని గరుకు కాగితంతో రుద్ది రుద్ది తన వేళ్లు బొబ్బలెక్కించుకుంది. ఉంగరాలజుట్టు చేసిందేమో రబ్బరు చుట్టిన లావుపాటి పిడి, లోతైన గుంట. జలుబు చేసి ముక్కు వాచిన గరిటెలా ఉంది.

పరీక్షకి తినిచూసే మనిషిగా అమ్మమ్మనే పిలిచారు. ఏది ఎవరిదో ఆవిడకి చెప్పకూడదు. ఆవిడ ఎంచుకున్నదే కాలేజీ ప్రదర్శనకి వెళుతుంది. కొలతమ్మ ఊరుకుంటుందా? ముందురోజే ఆవిడ చెవిలో ఊదింది.

"పిడి చివర చిన్న గాటుంటుంది అమ్మమ్మా. అదే నాది. మర్చిపోకేం!"

"ముసలిదాన్నే గానీ మతిపోయినదాన్ని కాదులేవే."

మర్నాడు క్లాసులో అమ్మమ్మ ముందు సూప్ గిన్నె, అందరి చెంచాలూ పెట్టారు. ఆవిడ గాటున్న చెంచా తీసింది, బొటనవేలితో గాటు తడిమింది, మనవరాలి వైపు చూసింది. తినగలిగినంత తింది, మిగతాది ఒలికింది. ఇంకొన్ని చూశాక రబ్బరు పిడిది పట్టుకుని గిన్నె ఖాళీ చేసేసింది.

"ఇది," అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. కొలతమ్మ కూడా ఏడవలేక నవ్వుతూ కొట్టింది. తర్వాత ఆవిడని వరండాలోకి లాక్కుపోయింది.

"గాటు తడిమావుగా! తెలిసి తెలిసి దానిదెలా ఎంచుకున్నావ్? నీ మనవరాలు నేనా, అదా?"

"నువ్వేనే తల్లీ. నువ్వు చూస్తున్నావని నీ చెంచాతో తిన్నాను. దాంతో ఆకలేసి తిన్నాను."

ఇన్నాళ్లూ మాస్టారి మెప్పే పోయింది. ఇప్పుడు అమ్మమ్మ కూడా దాని పక్షానికే పోయినట్టనిపించి కొలతమ్మకి ఒళ్లంతా మండిపోయింది.

"అలాంటిది నాకొకటి చేసిపెడుతుందేమో అడగవే," అంది అమ్మమ్మ. "రేపట్నుంచి మీతో కూర్చుని తింటాను."

ఆ మాటకి ఎవరు మాత్రం కాదనగలరు? కొలతమ్మ వెళ్లి ఉంగరాలజుట్టుని అడిగింది.

"కొత్తది ఎందుకు? ఇదే తీసుకెళ్లు," అంది ఉంగరాలజుట్టు, చెంచా తుడిచి చేతిలో పెడుతూ.

"మరి ప్రదర్శన?"

"అద్దాల పెట్టెలో పెడితే దాంతో ఎవరు తింటారు? నీది పంపించు, చూడ్డానికి బాగుంటుంది."

ఆ పిల్ల మాటలో వెటకారం లేదు, నిజంగానే అంది. చెంచా అందుకుని థాంక్స్ చెప్పింది కొలతమ్మ. ఆ పిల్ల మీద అంత కుళ్ళు ఆమెకి మునుపెన్నడూ పుట్టలేదు.