అక్క మణికట్టు

కింది వాటా అక్క పోయింది. పొద్దున పాలు కాస్తుంటే, గురుగ్రామ్‌లో ఉద్యోగం చేసే వాళ్ళమ్మాయి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "ఆంటీ, మమ్మీ నహీ రహీ" అంది. స్టవ్ కట్టేశానో లేదో తెలియక సగం మెట్లు దిగి మళ్ళీ పైకెక్కాను. అక్క చూసి ఉంటే నవ్వేది.

సొంత అక్క కాదు. కోస్తా నుంచి వచ్చి ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మన ప్రార్థన కూటంలో అందరూ ఆమెను ఎరుగుదురు. ఆమె గుండె సంగతి మాత్రం మీలో కొందరికే తెలుసు.

ఆ గుండె లయ తప్పి కొట్టుకునేది. కరెంటు షాకిచ్చి దారికి తెచ్చారు. క్రిస్మస్ రాకముందే మళ్ళీ తప్పింది. తొడ నరంలోంచి గుండెదాకా తీగ పంపి, లయ చెడగొట్టే చోట కాల్చారు. అదీ నిలవలేదు. రెండోసారి కాల్చినా అంతే. ఇక మందులతోనే నెట్టుకురావాలన్నాడు డాక్టరు. వేగం తగ్గడానికి ఒక మాత్ర, నెత్తురు గడ్డకట్టకుండా ఒక మాత్ర. ఈ రెండో దాని వల్ల ఉల్లిపాయ కోస్తూ వేలు తెగితే గుడ్డ మీద గుడ్డ తడిసేది. మంచం కోడు తగిలినా ఒళ్ళు నల్లగా కమిలేది.

నాకు అసలే భయం ఎక్కువ. ఆయాసంగా ఉందా, మాత్ర వేసుకున్నావా అని అడిగి అడిగి ప్రాణం తీసేదాన్ని. ఒకరోజు విసిగి, నా వేళ్ళు పట్టుకుని తన మణికట్టు మీద పెట్టుకుంది.

"ఇదిగో, నువ్వే చూసుకో. గుర్రంలా పరిగెడితే చెప్పు. లేదంటే నోరు మూసుకో."

"నాకేం తెలుసక్కా, చదువుకున్నదాన్నా?"

"భయపడ్డం వచ్చుగా, అది చాలు."

అప్పట్నుంచి కూటంలో చేతులు పట్టుకుని ప్రార్థించేటప్పుడు ఆమె పక్కనే కూర్చునేదాన్ని. అందరూ చెయ్యి పట్టుకుంటే నేను మణికట్టు పట్టుకునేదాన్ని. నాలుగు గబగబా, కాస్త ఆగి ఒకటి, మళ్ళీ రెండు. ఆమెన్ అనేదాకా నా ధ్యాసంతా అక్కడే.

ఒక ఉపవాస శుక్రవారం ఒకావిడ, "విశ్వాసం ఉంటే మాత్రలెందుకు సిస్టర్? మానేసి, దేవుడే బాగుచేశాడని సాక్ష్యం చెప్పండి" అంది. అక్క అందరి ముందూ డబ్బాలోంచి ఇడ్లీ తీసి తిని, మాత్ర మింగింది.

"ప్రార్థనా మానను, మాత్రా మానను" అంది మూతి తుడుచుకుంటూ.

మానలేదు కూడా. అయినా దీపావళి పోయాక ఆ పొగ రోజుల్లో ఆయాసం పెరిగింది, కాళ్ళకు నీరు దిగింది. మాత్రలు మార్చారు, పెంచారు. గుండె అలిసిపోయిందన్నారు. చివరిసారి అంబులెన్సు ఎక్కిస్తుంటే మణికట్టు నావైపు చాచింది. నా వేళ్ళ కింద ఏదో పురుగు గిలగిల్లాడినట్టుంది.

"ఎలా ఉందే?"

"బాగానే ఉందక్కా."

"అబద్ధం చెప్పడం కూడా రాదు నీకు" అంది.

సమాధి చేసి వచ్చాక మొన్న వాళ్ళింట్లో ఆదరణ కూడిక పెట్టారు. అక్క కుర్చీలో వాళ్ళమ్మాయి కూర్చుంది. చేతులు పట్టుకోమన్నారు. నా వేళ్ళు వాటంతటవే ఆ పిల్ల మణికట్టు మీదికి పోయాయి.

"క్యా హువా, ఆంటీ?" అంది మెల్లగా.

ఏం లేదమ్మా అన్నాను. ఒకటి, ఒకటి, ఒకటి. తడబడకుండా కొట్టుకుంటోంది. ఆమెన్ అని అందరూ చేతులు వదిలారు. నేను వదల్లేదు. ఆ పిల్లా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.